ప్లగ్గు మర పోతే ఏం చేయాలి?

కలువాయి నుంచి పొదలకూరుకు నిమ్మకాయల బస్తాలు మోసే బండ్లలో షోరూము నుంచి నేరుగా వచ్చినవి తక్కువ. రెండు మూడు చేతులు మారినవే ఎక్కువ. ఆటో కన్సల్టెన్సీలో బేరమాడి తెచ్చుకున్న స్ప్లెండర్, బావమరిది కొత్తది కొనుక్కుంటూ ఇచ్చేసిన ఎక్సెల్, అప్పు కింద వదిలిపోయిన పల్సర్. ఇలాంటి బండికి ఒకరోజు పికప్పు తగ్గుతుంది, ఇంజిన్ దగ్గర పుస్ పుస్ అని గాలి పోతుంది. మెకానిక్కు ప్లగ్గుకు పానా వేసి తిప్పి, "మర పోయిందన్నా" అంటాడు. పక్కన టీ తాగుతున్నాయన వెంటనే "అయితే హెడ్డు మార్చాల్సిందే" అని తీర్పు చెప్పేస్తాడు.

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. ప్లగ్గు మర పోవడంలో చాలా తేడాలున్నాయి. మొదటి రెండు చుట్లు నలిగిపోవడం వేరు, సగం పోవడం వేరు, గొట్టంలా నున్నగా అయిపోవడం వేరు. ఎంత పోయిందో చూసుకుని అంతవరకే బాగుచేయాలి. కొంత పని ఇంటి దగ్గరే చేతితో అవుతుంది. కొంత పని లేత్ షాపుకు పోవాలి. హెడ్డు మార్చడం ఈ రెండూ అయ్యాక మాట. కొత్తగా పానా పట్టేవారి కోసం ఆ వరుసలోనే చెబుతాను. ఉదాహరణకు స్ప్లెండర్‌ను తీసుకుంటున్నాను, మన వైపు ఎక్కువగా కనపడే బండి అదే గనక. 1994 నుంచి రోడ్ల మీద ఉన్న ఆ 97.2 సీసీ ఇంజిన్ దగ్గర నేర్చుకుంటే మిగతావాటికి కొలతలు మారతాయే తప్ప పద్ధతి మారదు.

అసలు మర ఎందుకు పోతుంది

హెడ్డు అల్యూమినియం. ప్లగ్గు చుట్టూ ఉండే మర ఉక్కు. రెండూ పోట్లాడితే ఎప్పుడూ ఓడేది హెడ్డే. అందుకే ప్లగ్గు మీద మర బాగానే ఉంటుంది, బొక్కలో మర ఊడొస్తుంది.

ఈ పోట్లాట పెట్టేది ఇంజిన్ కాదు, మన చెయ్యి. బండితో పాటు కంపెనీ ఇచ్చే ప్లగ్గు పానా చూశారా? దాంట్లో దూర్చి తిప్పే కడ్డీ పొట్టిగా ఉంటుంది. పొదుపు కోసం అలా చేయలేదు. ఆ పొడవుతో మామూలు మనిషి చేతి బలం వేస్తే ప్లగ్గుకు ఎంత బిగువు కావాలో అంతే పడుతుంది. దానికి మనవాళ్లు మూరెడు పైపు తొడుగుతారు. 10 మి.మీ. ప్లగ్గుకు కావాల్సిన బిగువు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. మూర పొడవు పైపు చివర ఆ బిగువు రావడానికి రెండున్నర కిలోల బరువు తగిలిస్తే చాలు. ఆ చివర మన ఒళ్లంతా వేస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

రెండో కారణం తొందర. రాపూరు నుంచి చిట్వేలు ఘాట్ ఎక్కి, బండి మిస్సవుతోందని పక్కన ఆపి, ఇంజిన్ మండుతుండగానే ప్లగ్గు విప్పుతారు. వేడిలో అల్యూమినియం ఇంకా మెత్తబడుతుంది. మరల మధ్య బొగ్గు పేరుకుని ఉంటే అది గీసుకుంటూ బయటికొస్తుంది, మరను కూడా తనతో తెచ్చుకుంటుంది. మూడోది వంకరగా ఎక్కించడం. ప్లగ్గును మొదటే పానాలో పెట్టి తిప్పితే అది సూటిగా పోతోందో వంకరగా పోతోందో చేతికి తెలీదు. నాలుగోది పొడవు తప్పిన ప్లగ్గు. పొట్టి ప్లగ్గు వేస్తే లోపల మిగిలిన చుట్లలో బొగ్గు గట్టిపడుతుంది. తర్వాత ఎవరో సరైన ప్లగ్గు తెచ్చి ఎక్కిస్తే ఆ బొగ్గు దగ్గర ఆగుతుంది, వాళ్లు బలవంతంగా తిప్పుతారు, అంతే సంగతులు. పొడవుది వేస్తే చివరి చుట్లు లోపల మంటలో కాలి బొగ్గు కడతాయి, విప్పేటప్పుడు మరను చీల్చుకుంటూ వస్తాయి.

ఇది పల్లెటూరి మెకానిక్కుల తప్పు అనుకోకండి. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ట్రైటన్ వీ8 ఇంజిన్లలో పాత రకం హెడ్లకు ప్లగ్గు పట్టే చుట్లు నాలుగే పెట్టింది. నడుస్తున్న బండిలోంచి ప్లగ్గులు ఎగిరిపోయిన కథలు అక్కడ ఎఫ్-150 నడిపినవాళ్లందరికీ తెలుసు. ఆ బండ్లకు బుష్, అంటే బొక్కలో బిగించే కొత్త మర గొట్టం, వేసే కిట్ల వ్యాపారమే వేరుగా పుట్టింది.

మర పోయిందా, వాషరు పోయిందా?

పానా తీయకముందే ఈ ప్రశ్న. ప్లగ్గు మొదట్లో ఇనప వాషరు ఒకటి ఉంటుంది. అది లేకపోయినా, చితికిపోయి పనికిరాకపోయినా గాలి పోతుంది. పాత బండిలో ఎవరో వాషరు పారేసి ఉంటారు, లేదా పాత వాషరు బొక్క దగ్గరే అతుక్కుని ఉంటే దాని మీద కొత్త వాషరుతో ప్లగ్గు వేసి ఉంటారు. రెండూ నేను చూశాను. ఆ రెంటికీ మందు కొత్త ప్లగ్గు, ఒక్కటే వాషరు.

చల్లగా ఉన్న ఇంజిన్ మీద ప్లగ్గు మొదట్లో సబ్బునీళ్లు పోసి, తాళం తీసేసి, నెమ్మదిగా కిక్కర్ కొట్టండి. బుడగలు వస్తే గాలి అక్కడే పోతోంది. ప్లగ్గు చుట్టూ నల్లటి జిడ్డు మరక కట్టి ఉంటే ఆ లీకు చాలాకాలంగా ఉందని అర్థం.

ప్లగ్గు విప్పడం

రాత్రంతా బండిని అలాగే వదిలి పొద్దున్నే మొదలుపెట్టండి. ప్లగ్గు చుట్టూ ఎర్రమట్టి పేరుకుని ఉంటుంది. మన రోడ్ల మీద అది లేని బండి ఉండదు. సైకిలు పంపుతో ఊది, బ్రష్షుతో గీకి, మళ్లీ ఊదండి. ఈ పని ఎగ్గొట్టి ప్లగ్గు తీస్తే ఆ మట్టి నేరుగా సిలిండర్లోకి పోతుంది, మర బాగుపడినా పిస్టన్ రింగులు గీసుకుపోతాయి.

స్ప్లెండర్‌కు 16 మి.మీ. పానా. పాత చేతక్, ఆర్ఎక్స్ 100 లాంటి 14 మి.మీ. ప్లగ్గు బండ్లకు 21 పానా పడుతుంది. పట్టుగా కూర్చోని పానాతో మొదలుపెట్టొద్దు.

కదలకపోతే బలం వేయకండి. ప్లగ్గు మొదట్లో తుప్పు వదిలే నూనె వేసి పూటంతా ఉంచండి. తర్వాత విప్పే వైపు కొంచెం, బిగించే వైపు కొంచెం, మళ్లీ విప్పే వైపు కొంచెం. ప్రతి కదలికకూ మరో చుక్క నూనె. కీచుమని శబ్దం వస్తే ఆగి వెనక్కి తిప్పండి. ఆ కీచు శబ్దం అల్యూమినియం చిరుగుతున్న శబ్దమే.

చూడాల్సింది ప్లగ్గునే

బయటికొచ్చిన ప్లగ్గును వెలుతురులో పట్టుకుని చూడండి. బొక్కలోకి టార్చి వేసేకంటే ఇక్కడే ఎక్కువ తెలుస్తుంది. మరల మధ్య బొగ్గు, నూనె మాత్రమే ఉంటే అదృష్టవంతులు. వెండి తీగలాంటిది చుట్టుకుని ఉంటే అది హెడ్డులోంచి ఊడొచ్చిన మర. ఆ తీగ ప్లగ్గు మొదటి వైపు ఉందా, చివరి వైపు ఉందా, ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టండి. గోరుతో లాగితే స్ప్రింగులా విడిపోతుంది. ఒకటి రెండు చుట్లయితే పెద్దగా నష్టం లేదు. ఆరేడు చుట్లు వచ్చాయంటే లోపల పట్టు లేదు.

స్ప్లెండర్ ప్లగ్గుకు మర పొడవు 12.7 మి.మీ. చుట్టుకు చుట్టుకు మధ్య దూరం ఒక మిల్లీమీటరు. అంటే అంతా బాగున్నా పట్టే చుట్లు పన్నెండుకు మించవు. దాంట్లో సగం పోయిన తర్వాత "ఇంకా పడుతోంది కదా" అని నడపడం మంచిది కాదు.

అప్పుడు కొత్త ప్లగ్గు తెచ్చి, పానా లేకుండా, వేళ్లతోనే ఎక్కించి చూడండి. వాషరు ఆనేదాకా వేళ్లతోనే సాఫీగా పోయి, అక్కడ ఆగితే మర బాగుంది. మొదట్లోనే తట్టుకుంటే మొదటి చుట్లు నలిగాయి. వాషరు ఆనాక కూడా ఎంత తిప్పినా బిగియకుండా తిరుగుతూనే ఉంటే మర పోయింది. ఈ మూడింటికీ మూడు దార్లు.

ఒక్క సంగతి. బొక్క లోపల అల్యూమినియం రంగు కాకుండా ఇత్తడి రంగో, వేరే ఉక్కు మెరుపో కనపడితే మీకంటే ముందే ఎవరో బుష్ వేయించారు. అప్పుడు పని బుష్‌ది, హెడ్డుది కాదు. ప్లగ్గుతో పాటు ఆ బుష్ కూడా తిరుగుతోందేమో చూడండి.

మొదటి చుట్లు నలిగితే: పాత ప్లగ్గే పనిముట్టు

ఇది ఎవరైనా చేయగల పని. దీనికి మర కోసే ట్యాపు కొనక్కర్లేదు. అదే కొలత, అదే పొడవు ఉన్న పాత ప్లగ్గు ఒకటి తీసుకోండి. దాని చివర వంగి ఉండే కొక్కెం విరగ్గొట్టేయండి. సన్నటి మూడంచుల ఆకురాయితో మరల మీద నిలువుగా మూడు నాలుగు గాడులు పెట్టండి. హాక్సా బ్లేడుతో కూడా అవుతుంది. గాడి అంచుల్లో లేచిన ముళ్లను ఆకురాయితోనే నునుపు చేయండి, లేకపోతే అవే కొత్త గీతలు పెడతాయి. ఆ ప్లగ్గు ఇప్పుడు ట్యాపులా పనిచేస్తుంది, కానీ కొత్త మర కోయదు, ఉన్న మరను సరిచేస్తుంది. మొదటిసారి చేసేవారికి ఈ తేడానే కాపలా. అసలు ట్యాపు పదును ఎక్కువ, అది వంకరగా దిగితే వంకరగానే కొత్త దారి కోసుకుపోతుంది.

గాడుల నిండా గ్రీజు పట్టించండి. రజను ఆ గ్రీజుకే అంటుకోవాలి, సిలిండర్లో పడకూడదు. అల్యూమినియం రజనుకు అయస్కాంతం పనిచేయదు. లోపల పడ్డాక అయస్కాంతం దించి తీద్దామనుకుంటే కుదరదు, అందుకే పడకుండా చూసుకోవడమే ముఖ్యం.

ఇప్పుడు ఆ ప్లగ్గును బొక్క మీద పెట్టి మొదట బిగించే వైపు కాదు, విప్పే వైపు తిప్పండి. మెల్లగా తిప్పుతుంటే ఒకచోట టక్కుమని చిన్నగా దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడే అసలు మర మొదలు. అక్కణ్నుంచి బిగించే వైపు, వేళ్లతోనే. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. బరువు పెరిగిందనిపిస్తే తీసేసి, గ్రీజు తుడిచి, కొత్త గ్రీజు పెట్టి మళ్లీ దించండి. ఇది పూర్తిగా దిగేదాకా ఓపిక పట్టండి. పానా వాడాల్సి వస్తే కడ్డీ లేకుండా పానా గొట్టాన్ని చేత్తో పట్టుకుని తిప్పండి.

తుడిచిన బట్ట మీద వచ్చిన రజను చూడండి. బూడిదలా పొడిపొడిగా ఉంటే శుభ్రమైంది. తీగల్లా వస్తుంటే మీరు మరను కోస్తున్నారు, ఆపేయండి.

పూర్తిగా పోతే: మూడు దార్లు, అందులో ఒకటి దారి కాదు

దారి కానిదాన్ని ముందు చెప్పేస్తాను. "10 ప్లగ్గు పోయింది కదా, బొక్క పెద్దది చేసి 14 ప్లగ్గు వేసేద్దాం" అంటారు. వినకండి. ఆ చిన్న హెడ్డులో ప్లగ్గు బొక్కకూ, పక్కనే ఉన్న వాల్వు సీట్లకూ మధ్య ఉండే లోహం తక్కువ. నాలుగు మిల్లీమీటర్లు తినేస్తే మిగిలేది అట్టముక్క మందం, వేడికి అక్కడ పగులొస్తుంది. అప్పుడు నిజంగానే హెడ్డు మార్చాలి. ప్లగ్గుకు దారం చుట్టడం, రాగి తీగ చుట్టడం, ఎంసీల్ పూయడం కూడా ఇదే బాపతు. ప్లగ్గు వేడిలో ఎక్కువ భాగం మర ద్వారా, వాషరు ద్వారానే హెడ్డుకు పోతుంది. మధ్యలో అడ్డం పెడితే ప్లగ్గు కాలిపోతుంది. పట్టు లేని ప్లగ్గు ఒకరోజు తుపాకీ గుండులా లేచిపోతుంది.

ఇక నిజమైన దార్లు రెండు.

ఒకటి హెలికాయిల్. స్టెయిన్‌లెస్ స్టీలు తీగను స్ప్రింగులా చుట్టి తయారుచేసిన మర. పాత బొక్కను కొంచెం పెద్దది చేసి, దానికోసం ఉన్న ప్రత్యేక ట్యాపుతో కొత్త మర కోసి, ఆ స్ప్రింగును అందులోకి దించుతారు. స్ప్రింగు లోపలి వైపు మీ పాత ప్లగ్గు కొలతే ఉంటుంది. 10 మి.మీ. ప్లగ్గుకు బొక్కను 10.3 మి.మీ. ప్రాంతానికి పెంచుతారు, ట్యాపు బయటి కొలత 11.3 దాకా వస్తుంది. కిట్టులో డ్రిల్లు బిట్టు, ట్యాపు, దించే కడ్డీ, స్ప్రింగులు అన్నీ ఉంటాయి. కిట్టు మీద రాసిన కొలతే ప్రమాణం, నా అంకెలు కాదు. బయట దొరికే మామూలు ట్యాపు దీనికి సరిపోదు.

ఇందులో రెండు కిటుకులున్నాయి. స్ప్రింగు పైచివర హెడ్డు ముఖం కంటే పావు నుంచి అర చుట్టు లోపలికి దిగి ఉండాలి, లేకపోతే వాషరు సరిగ్గా కూర్చోదు. కింది చివర మంట గదిలోకి పొడుచుకు రాకూడదు. వస్తే అది ఎర్రగా కాలి, ప్లగ్గు కొట్టకముందే పెట్రోలును అంటిస్తుంది. రెండోది, స్ప్రింగు కింద తోకలాంటి చిన్న ముక్క ఉంటుంది, దించడానికి పట్టుకునేది అదే. దించాక ఆ తోకను సన్నమూతి పట్టుకారుతో పట్టుకుని ఇటూ అటూ వంచి విరిచి బయటికి తీయాలి. అది లోపల పడితే పిస్టన్‌కూ వాల్వులకూ చేటు. హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి చేస్తే ఆ తోక బల్ల మీద పడుతుంది. హెడ్డు ఇంజిన్ మీద ఉండగానే చేస్తే ఎక్కడ పడుతుందో మీకు తెలుసు.

రెండోది బుష్. లేత్ మీద ఉక్కు లేక ఇత్తడి ముక్కను చెక్కి, బయట పెద్ద మర, లోపల ప్లగ్గు మర తీసి, హెడ్డులో బిగించేస్తారు. పైన చిన్న అంచు ఉంటుంది గనక కిందికి జారదు. మన ప్రాంతంలో ఎక్కువమంది చేయించుకునేది ఇదే. ఉక్కు బుష్‌కు మర ఎక్కువకాలం నిలుస్తుంది, ఇత్తడి వేడిని బాగా పంచుతుంది. నాకు ఉక్కే నచ్చుతుంది, ఎందుకంటే మన దగ్గర మరను చంపేది వేడికంటే ఎక్కువగా పానా. బుష్ బిగించేటప్పుడు వేడికి తట్టుకునే గమ్ము పెట్టి, అంచు దగ్గర రెండు మూడు చోట్ల పంచుతో కొట్టమని అడగండి. అలా చేయకపోతే మరోసారి ప్లగ్గు విప్పినప్పుడు బుష్ కూడా దాంతో పాటు వస్తుంది.

కొత్తవారికి నా సలహా సూటిగా చెబుతాను. హెడ్డు బండి మీద ఉండగా డ్రిల్లు పెట్టొద్దు. పాత ప్లగ్గుతో మర శుభ్రం చేయడం వరకు మీ పని. డ్రిల్లు దాకా వస్తే హెడ్డు విప్పించి లేత్‌కు తీసుకుపోండి. స్ప్లెండర్ హెడ్డు విప్పడమంటే టైమింగ్ చైను విప్పడం కూడా. తిరిగి పెట్టేటప్పుడు మ్యాగ్నెట్ మీద ఉన్న టి గుర్తూ, పైన క్యామ్ పళ్లచక్రం మీద ఉన్న గుర్తూ కలవాలి. ఒక్క పన్ను తప్పినా బండి స్టార్టు కాదు, లేదా అయినా సరిగ్గా నడవదు. ఆ పని ఒకసారి పక్కన కూర్చుని చూసి నేర్చుకోండి. హెడ్డు గ్యాస్కెట్ కొత్తది వేయించండి, పాతదాన్ని తిరిగి పెట్టనివ్వకండి.

లేత్ దగ్గరికి వెళ్లేటప్పుడు హెడ్డుతో పాటు కొత్త ప్లగ్గు కూడా తీసుకుపోండి. కొలత చెప్పి రావద్దు. ప్లగ్గు ఎక్కించి, వేళ్లతో వాషరు దాకా పోయి, బుష్ చివర లోపలికి పొడుచుకు రాకుండా ఉందో చూసుకున్నాకే డబ్బులివ్వండి. హెడ్డును బోర్లా పెట్టి మంట గది వైపు నుంచి చూస్తే ప్లగ్గు చివర, బుష్ చివర ఒకే మట్టంలో కనపడాలి.

ఇవి రెండూ కుదరనప్పుడు ఆర్గాన్ వెల్డింగుతో బొక్క మూసి మళ్లీ మర తీయించవచ్చు. పగులు కూడా ఉంటే అదే దారి. కానీ ఆ ఖర్చు దగ్గర హెడ్డు ధర కూడా అడిగి చూడండి.

రజను తీయడం

హెడ్డు విప్పకుండా పాత ప్లగ్గుతో శుభ్రం చేసినవారికే ఇది. పంక్చరు షాపులో గాలి పట్టే గొట్టానికి సన్నటి పైపు తగిలించి ప్లగ్గు బొక్కలోకి పెట్టి ఊదండి. బొక్క చుట్టూ బట్ట కప్పండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, లేకపోతే రజను మీ కంట్లోకే వస్తుంది. ఆ తర్వాత తాళం తీసేసి, ప్లగ్గు క్యాపును బొక్కకు దూరంగా పెట్టి, కొన్నిసార్లు కిక్కర్ కొట్టండి. తాళం తీయడం మర్చిపోతే నిప్పురవ్వ వస్తుంది, బొక్కలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, రెండూ కలిస్తే మంట. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 ఇంజెక్షన్ బండ్లకు ఇది ఇంకా ముఖ్యం, తాళం వేసి ఉంటే పెట్రోలు పంపు కూడా పనిచేస్తుంది.

కొత్త ప్లగ్గు బిగించడం

ప్లగ్గు మీద అక్షరాలు చదవడం నేర్చుకుంటే సగం మరలు బతుకుతాయి. ఎన్‌జీకే ప్లగ్గు మీద సి7హెచ్ఎస్ఎ అని ఉంటే సి అంటే 10 మి.మీ. మర, డి అయితే 12, బి అయితే 14. తర్వాతి అంకె వేడి తట్టుకునే గుణం. హెచ్ అంటే మర పొడవు 12.7 మి.మీ., ఈ ఉంటే 19 మి.మీ. హెచ్ పోయి ఈ వచ్చిందంటే పిస్టన్‌ను తాకే పొడవు వచ్చిందన్నమాట. బాష్ ప్లగ్గుల్లో అంకెల లెక్క తిరగబడుతుంది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. పెద్దవాళ్లు ఇంకా "మైకో ప్లగ్గు" అంటారే, అది కూడా ఇదే. 1951లో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్ అయింది. అక్షరాలు గుర్తుండకపోతే పాత ప్లగ్గు జేబులో వేసుకుని షాపుకు పొండి, పక్కపక్కన పెట్టి పొడవు చూడండి. అయితే పాతది సరైనదేనని నమ్మకం లేకపోతే బండి మాన్యువల్‌లో ఉన్న నంబరు చూసుకోవాలి. చేతులు మారిన బండిలో ఇది తరచూ జరిగేదే.

గ్యాపు 0.6 నుంచి 0.7 మి.మీ. ఉందో చూసుకోండి. తర్వాత ప్లగ్గు తలకు జానెడు పెట్రోలు పైపు ముక్క తొడిగి, ఆ పైపును పట్టుకుని తిప్పుతూ ఎక్కించండి. ప్లగ్గు సూటిగా పోతే పైపుతో పాటు తిరుగుతుంది. వంకరగా తగిలితే పైపు ప్లగ్గు మీద జారిపోతుంది, మరకు ఏమీ కాదు. మారుతి వ్యాన్ల వంటి వాటిలో చెయ్యి పట్టని చోట్ల కూడా ఈ పైపే దిక్కు.

వాషరు ఆనాక పానా తీసుకోండి. పానా కడ్డీని గడియారం ముల్లనుకుంటే, కొత్త ప్లగ్గుకు 12 నుంచి 6 దాకా, ఒకసారి వాడిన ప్లగ్గుకు 12 నుంచి 1 దాకా. అంతకుమించి అక్కర్లేదు. కొత్త వాషరు నలిగి కూర్చోవడానికే ఆ అర చుట్టు. మరకు గ్రీజు పూయడం మనవాళ్ల అలవాటు. పూత ఉన్న కొత్త ప్లగ్గులకు అది అవసరం లేదు, జారుడు వల్ల అంతే బలానికి ఎక్కువ బిగుస్తుంది కూడా.

స్టార్టు చేసి, ఊరి చివరిదాకా ఒక రౌండు కొట్టి, పూర్తిగా చల్లారాక మళ్లీ సబ్బునీళ్లు పోసి చూడండి. బుడగ లేకపోతే పని అయింది. వేడిగా ఉండగా "ఇంకొంచెం" అని బిగించొద్దు.

కొనేవారికి

పాత బండి కొనేటప్పుడు మనం టైర్లు చూస్తాం, ఆర్సీ చూస్తాం, చాసిస్ నంబరు చూస్తాం, పెయింటు చూసి మురిసిపోతాం. ప్లగ్గు ఎవరూ విప్పి చూడరు. ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లండి. జేబులో 16 పానా, టార్చి ఉంటే చాలు. ప్లగ్గు మొదట్లో జిడ్డు మరకుందా, ఎంసీల్ ముక్క గానీ దారం గానీ కనపడుతోందా చూడండి. ప్లగ్గు విప్పుతుంటే మొదటి పావు చుట్టు తర్వాత వేళ్లతో రావాలి. బుష్ వేసి ఉంటే భయపడొద్దు, మంచి బుష్ ఉన్న హెడ్డు కొత్త హెడ్డు కంటే తీసిపోదు. కానీ ఆ మాట అమ్మేవాళ్లే ముందుగా చెప్పాలి. చెప్పకపోతే ధరలో తగ్గించమని అడగండి. ప్లగ్గు విప్పడానికే ఒప్పుకోకపోతే ఆ బండి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. కన్సల్టెన్సీలో దాని పక్కనే మరో స్ప్లెండర్ ఉంటుంది.